పాత బ్రిటిష్ కార్లు: నంబర్ 1 సిలిండర్ ఏ చివర ఉంది, ప్లగ్ వైర్లు ఏ వరుసలో పెట్టాలి

సిలిండర్లు కాలే వరుస (ఫైరింగ్ ఆర్డర్) "1-3-4-2" అని నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాళ్ల బండి కూడా, ప్లగ్గులకు కరెంట్ పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మార్చాక మొరాయిస్తుంది. ఆ నాలుగు అంకెలు చెప్పేది సగం సంగతే. మిగతా సగంలో మూడు ప్రశ్నలున్నాయి. ఒకటో నంబర్ ఇంజన్‌కి ఏ చివర మొదలవుతుంది? డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్ (ఒక్కో వైరుకు వంతుగా కరెంట్ అందించే ముక్క) ఎటు తిరుగుతుంది? ఒకటో సిలిండర్ కాలాల్సిన క్షణంలో రోటర్ క్యాప్‌లోని ఏ టవర్ (వైరు గుచ్చే గొట్టం) కింద ఉంటుంది? ఈ మూడింటికీ జవాబు ఇంజన్‌లోనే ఉంది. పుస్తకం తప్పు కాకపోవచ్చు, కానీ యాభై అరవై ఏళ్లలో మీ ఇంజన్‌ను ఎవరు విప్పారో, డిస్ట్రిబ్యూటర్ డ్రైవ్ గేర్‌ను ఏ పంటి మీద తిరిగి కూర్చోబెట్టారో పుస్తకానికి తెలియదు.

ఇక్కడ ప్రధానంగా చెప్పేది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి ఎ-సిరీస్, బి-సిరీస్ ఇంజన్ల గురించి. మినీ, మోరిస్ మైనర్, ఆస్టిన్ ఎ35, ఎంజీ మిడ్జెట్ మొదటి రకానివి. ఎంజీఏ, ఎంజీబీ, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో రకానివి. మన అంబాసిడర్‌లో చాలా ఏళ్లు నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ఈ బి-సిరీస్‌దే కాబట్టి కింది దశలు దానికి యథాతథంగా వర్తిస్తాయి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లోని ట్రయంఫ్ ఇంజన్‌కీ వరుస, రోటర్ దిశ ఇవే. జాగ్వార్, రోవర్ వీ8, ఫోర్డ్ ఇంజన్లలో తేడా వచ్చే చోట్లు చివర్లో ఉన్నాయి.

వరుసను నిర్ణయించేది ఏది

నాలుగు సిలిండర్ల ఇంజన్ క్రాంక్‌లో (పిస్టన్లు తిప్పే ఇరుసు) 1, 4 పిస్టన్లు కలిసి పైకొస్తాయి, 2, 3 కలిసి పైకొస్తాయి. ప్రతి అర చుట్టుకూ ఒక సిలిండర్ కాలాలి. ఈ క్రాంక్‌తో సాధ్యమయ్యే వరుసలు రెండే: 1-3-4-2, 1-2-4-3. ఈ రెంటిలో ఏదన్నది వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ చెబుతుంది, డిస్ట్రిబ్యూటర్ కాదు. వైర్లు అటూ ఇటూ మార్చినంత మాత్రాన ఫైరింగ్ ఆర్డర్ మారదు, ఇంజన్ దగ్గుతుంది అంతే.

దీనికి మంచి ఉదాహరణ లోటస్ ట్విన్ క్యామ్. ఫోర్డ్ కెంట్ ఇంజన్ల వరుస 1-2-4-3. అదే కుటుంబపు బ్లాక్ మీద లోటస్ వాళ్లు రెండు క్యామ్‌ల కొత్త హెడ్ పెట్టేసరికి వరుస 1-3-4-2 అయింది. క్రాంక్ మారలేదు, క్యామ్‌లు మారాయి.

ఇంకో విశేషం. సిలిండర్లను ఇంజన్ వెనక చివర నుంచి లెక్కపెట్టి 1-3-4-2 ని చూడండి. 1ని 4 అనుకోండి, 2ని 3 అనుకోండి. వచ్చేది 4-2-1-3. దాన్ని ఒకటి నుంచి మొదలుపెట్టి చదివితే మళ్లీ 1-3-4-2. ఆరు సిలిండర్ల 1-5-3-6-2-4 కూడా అంతే, ఏ చివర నుంచి లెక్కపెట్టినా అదే. అందుకే ఒకటో నంబర్ ఏ చివరో పొరబడినా వరుసలో తప్పు కనిపించదు. తప్పంతా స్పార్క్ పడే సమయంలో, సరిగ్గా క్రాంక్ ఒక పూర్తి చుట్టు తేడాగా బయటపడుతుంది. వైర్లు పదిసార్లు సరిచూసుకున్నా బండి స్టార్ట్ కాకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

సిద్ధం చేసుకోవాల్సినవి

ప్లగ్ స్పానర్, ఫీలర్ గేజ్ (సన్న ఖాళీలు కొలిచే రేకులు), 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంప్, టాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) విప్పే స్పానర్, కాగితపు టేపు, సుద్దముక్క. టాపెట్ కవర్ గాస్కెట్ పాతదైతే కొత్తది తెచ్చుకోండి. అది గట్టిపడి ఉంటే విప్పినప్పుడు ముక్కలవుతుంది, ఆ తర్వాత ఆయిల్ కారుతూనే ఉంటుంది.

బ్యాటరీ ఎర్త్ వైరు తీసేయండి. ఈ కార్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది. ఎర్త్ అంటే నెగటివే అనే అలవాటు మీద పోకుండా, బాడీకి బిగించి ఉన్న కేబుల్ ఏదో చూసి దాన్నే తీయండి.

నాలుగు ప్లగ్గులూ విప్పండి. కంప్రెషన్ లేకపోతే ఇంజన్ చేతితో తేలిగ్గా తిరుగుతుంది. తిప్పడానికి హ్యాండిల్ ఉంటే సరే. లేకపోతే టాప్ గేర్‌లో పెట్టి బండిని ముందుకు తోయండి, లేదా క్రాంక్ పుల్లీ బోల్టు మీద స్పానర్ వేయండి. ఎప్పుడూ ఇంజన్ నడిచే దిక్కుకే తిప్పాలి. పుల్లీకి ఎదురుగా నిలబడి చూస్తే అది గడియారం ముల్లు దిక్కు. వెనక్కి తిప్పితే టైమింగ్ చెయిన్‌లోని వదులు తేలి, గుర్తు ఒక డిగ్రీ రెండు డిగ్రీలు అబద్ధం చెబుతుంది. గుర్తు దాటిపోతే మళ్లీ ఒక చుట్టు తిప్పుకు రండి.

హ్యాండిల్ వాడేవాళ్లకు ఒక మాట: బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ వేయకండి, మిగతా వేళ్ల పక్కనే ఉంచండి. ప్లగ్గులుండి ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడు స్పార్క్ ముందుగా పడితే హ్యాండిల్ ఎదురు తిరుగుతుంది. పాత డ్రైవర్ల మణికట్లు విరిగింది అలాగే.

మొదటి దశ: నంబర్ 1 ఎక్కడ

సాధారణ నియమం: క్లచ్ వైపున్న ఫ్లైవీల్‌కు దూరంగా, క్రాంక్ పుల్లీ, టైమింగ్ చెయిన్ ఉన్న చివర ఒకటో సిలిండర్. అంబాసిడర్, మైనర్, ఎంజీబీ, హెరాల్డ్‌లలో ఇంజన్ కారు పొడవునా ఉంటుంది కాబట్టి రేడియేటర్ పక్కనున్నదే ఒకటి.

తికమక మినీ దగ్గర. 1959లో వచ్చిన మినీలో ఇంజన్ అడ్డంగా ఉంది. "ముందు" అనే మాటకు అక్కడ అర్థం లేదు. ఫ్యాన్ బెల్ట్ ఎటుందో చూడండి, ఆ చివరదే ఒకటి. కారులో కూర్చున్న మనిషికి అది ఎడమవైపు, బానెట్ తెరిచి ఎదురుగా నిలబడిన మనిషికి కుడివైపు. రేడియేటర్‌ను గుర్తుగా పెట్టుకోకండి, ఆఖరి మినీల్లో అది గ్రిల్ వెనక్కి వచ్చేసింది.

నియమాన్ని తలకిందులు చేసింది జాగ్వార్. 1948లో ఎక్స్‌కె120తో వచ్చిన ఎక్స్‌కె ఆరు సిలిండర్ల ఇంజన్‌లో ఒకటో నంబర్ వెనక, ఫ్లైవీల్ వైపు, డ్రైవర్ కాళ్లకు దగ్గరగా ఉంటుంది. రేడియేటర్ పక్కనున్నది ఆరు. కనెక్టింగ్ రాడ్ల మీద కొట్టిన నంబర్లూ ఆ లెక్కే.

ఏది ఒకటో తేలగానే ప్లగ్ పక్కన హెడ్ మీద సుద్దతో రాసేయండి. వైర్లకు టేపు చుట్టి వాటి మీదా నంబర్లు వేయండి.

రెండో దశ: వరుసను వాల్వుల నోట చెప్పించడం

ఇంజన్ మార్చిన బండి, ఏ క్యామ్ పడిందో తెలియని బండి అయితే ఈ దశ వదలకండి. నమ్మకమున్న ఇంజన్ అయితే దాటేయవచ్చు.

టాపెట్ కవర్ తీస్తే వాల్వులను నొక్కే ఎనిమిది రాకర్లు కనిపిస్తాయి. పుల్లీ వైపు నుంచి 1 నుంచి 8 దాకా లెక్కపెట్టండి. ఎ-సిరీస్, బి-సిరీస్ రెండింటిలోనూ 1, 4, 5, 8 ఎగ్జాస్ట్. 2, 3, 6, 7 ఇన్‌లెట్. అంటే ఇన్‌లెట్ 2 ఒకటో సిలిండర్‌ది, 3 రెండో దానిది, 6 మూడో దానిది, 7 నాలుగో దానిది.

ఇప్పుడు ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పుతూ ఇన్‌లెట్ రాకర్లను మాత్రమే చూడండి. 2 కిందికి దిగడం మొదలైన తర్వాత, అర చుట్టుకు 6 దిగుతుంది, ఇంకో అర చుట్టుకు 7, ఆ తర్వాత 3. సిలిండర్లలోకి మార్చుకుంటే 1-3-4-2. ఒకవేళ 2 తర్వాత 3 దిగితే అది 1-2-4-3 క్యామ్. ఈ పద్ధతి ఏ ఇంజన్‌కైనా పనికొస్తుంది. ఇన్‌లెట్ వాల్వ్ ఏదో తెలియకపోతే ఇన్‌లెట్ మానిఫోల్డ్ గొట్టం ఏ వాల్వుకు ఎదురుగా వస్తుందో చూస్తే తెలుస్తుంది.

టాపెట్ కవర్ ఎలాగూ తీశారు కాబట్టి క్లియరెన్సులు (రాకర్‌కు, వాల్వుకు మధ్య ఖాళీ) కూడా చూసుకోవచ్చు. ఎ-సిరీస్ మామూలు ఇంజన్లకు చల్లగా ఉన్నప్పుడు 0.012 అంగుళం. తొమ్మిది లెక్క గుర్తుంచుకోండి: 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది సరిచేయాలి, 7 తెరుచుకుంటే 2, 6 అయితే 3. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే.

మూడో దశ: పైకొచ్చిన పిస్టన్ కంప్రెషన్ మీద ఉందా, లేదా

సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. పిస్టన్ రెండు చుట్లలో రెండుసార్లు పైకొస్తుంది. ఒకసారి కంప్రెషన్ ముగింపులో, ఇంకోసారి ఎగ్జాస్ట్ ముగింపులో. పుల్లీ మీద గాడి రెండుసార్లూ గుర్తుకు ఎదురుగా వస్తుంది. గాడి కలిసింది కదా అని వైర్లు పెట్టేస్తే, అదృష్టం బాగున్నవాళ్లకే బండి స్టార్ట్ అవుతుంది.

ఒకటో ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు గట్టిగా అదిమిపెట్టి, ఇంకొకరిని ఇంజన్ తిప్పమనండి. వేలిని తోసుకుంటూ గాలి తన్నిందంటే అది కంప్రెషన్. అక్కడి నుంచి పుల్లీ గాడి టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన స్థానం) గుర్తుకు చేరేదాకా తిప్పి ఆపండి.

ఒంటరిగా పనిచేసేవాళ్లకు ఇంకా నికరమైన పద్ధతి రాకర్లు చూడటం. 1, 4 పిస్టన్లు కలిసి కదులుతాయి. నాలుగో సిలిండర్‌లో ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకుంటూ, అంటే 8వ రాకర్ పైకి లేస్తూ 7వది దిగుతూ తూగుటుయ్యాలలా ఊగిన క్షణంలో, ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద ఉన్నట్టు. అప్పుడు 1, 2 రాకర్లను చేత్తో పట్టి కదిపితే రెండింటికీ చిన్న ఆట ఉంటుంది. ఆట లేకపోతే మీరు తప్పు చుట్టులో ఉన్నారు, ఇంకో పూర్తి చుట్టు తిప్పండి.

గుర్తులు ఎక్కడుంటాయంటే: పాత ఎంజీబీలో టైమింగ్ కవర్ కింది భాగంలో ముళ్లలా ఉంటాయి, పైనుంచి చూస్తే కనిపించవు. మినీలో ఫ్లైవీల్ మీద ఉంటాయి, క్లచ్ కవర్‌పై ఉన్న చిన్న మూత తీసి అద్దం పెట్టి చూడాలి. అక్కడ 1/4 అని చెక్కి ఉంటుంది. అది పావు వంతు కాదు, 1, 4 పిస్టన్లు రెండూ పైన ఉన్నాయని చెప్పడం. అది చదివిన వాళ్లలో కొందరు పావు డిగ్రీ అనుకుని తల గోక్కుంటారు.

రబ్బరు మీద అతికించిన డ్యాంపర్ పుల్లీ ఉన్న ఇంజన్లలో రబ్బరు వదులై బయటి రింగు జారిపోవచ్చు. అప్పుడు గుర్తు ఎన్నో డిగ్రీలు అబద్ధమాడుతుంది. అనుమానం ఉంటే పాత ప్లగ్‌లోని పింగాణీ తీసేసి దానికి ఒక బోల్టు బిగించి పిస్టన్ స్టాప్ చేసుకోండి. దాన్ని ఒకటో రంధ్రంలో బిగించి, ఇంజన్‌ను చేతితో నెమ్మదిగా పిస్టన్ తగిలేదాకా ఒకవైపు తిప్పి పుల్లీ మీద గీత పెట్టండి. తర్వాత రెండోవైపు తిప్పి ఇంకో గీత పెట్టండి. రెండు గీతలకు సరిగ్గా మధ్యలో అసలు టీడీసీ. ఇక్కడ మాత్రం వెనక్కి తిప్పక తప్పదు. స్టార్టర్ మోటార్‌తో మాత్రం తిప్పకండి, పిస్టన్‌కు చిల్లు పడుతుంది.

నాలుగో దశ: రోటర్ ఎటు తిరుగుతుంది

క్యాప్ తీసి, రోటర్‌ను వేళ్లతో పట్టుకుని మెల్లగా మెలితిప్పండి. ఒక దిక్కుకు కొద్దిగా కదిలి, వదలగానే స్ప్రింగు లాగినట్టు వెనక్కి వస్తుంది. రెండో దిక్కుకు అసలు కదలదు. కదిలిన దిక్కే రోటర్ తిరిగే దిక్కు, ఎందుకంటే లోపలి బరువులు వేగం పెరిగినప్పుడు స్పార్క్‌ను ముందుకు తెచ్చేది అటువైపే. రెండు దిక్కులా కదలకపోతే బరువులు ఎండిపోయి బిగుసుకున్నాయి. రోటర్ తీసి స్పిండిల్‌లో రెండు చుక్కల నూనె వేయండి.

పైనుంచి చూసినప్పుడు ఎ, బి, సి సిరీస్‌లు, ట్రయంఫ్ నాలుగు, ఆరు సిలిండర్ల ఇంజన్లు, జాగ్వార్ ఎక్స్‌కె, ఫోర్డ్ కెంట్, లాండ్ రోవర్ 2.25 లీటర్లు, వీటన్నిటిలో రోటర్ గడియారానికి ఎదురుగా తిరుగుతుంది. రోవర్ వీ8లో గడియారం దిక్కుకే.

ఐదో దశ: వైర్లు పెట్టడం

ఇంజన్ ఒకటో సిలిండర్ కంప్రెషన్ టీడీసీ మీద ఉంది. రోటర్ ఇత్తడి కొన ఎటు చూస్తుందో డిస్ట్రిబ్యూటర్ అంచు మీద సుద్దతో గీయండి. క్యాప్ పెట్టి, ఆ గీతకు పైన వచ్చిన టవర్‌లో ఒకటో వైరు గుచ్చండి. పుస్తకంలోని బొమ్మలో ఒకటో వైరు వేరే టవర్‌లో ఉన్నా పట్టించుకోకండి. మీ ఇంజన్‌కు సంబంధించినంతవరకు రోటర్ చూపించిందే ఒకటి.

అక్కడి నుంచి రోటర్ తిరిగే దిక్కుకే వెళ్తూ 3, 4, 2 వైర్లు. గడియారానికి ఎదురు దిక్కు అన్నది మరిచిపోయి అలవాటుగా కుడివైపు వెళ్తే 2, 3 తారుమారవుతాయి. ఎ-సిరీస్, బి-సిరీస్ పనిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

పెట్టాక ఒక్కో వైరునూ చేత్తో తడుముతూ క్యాప్ నుంచి ప్లగ్ దాకా వెళ్లి చూడండి. కళ్లతో చూస్తే సరిపోదు, వైర్లు ఒకదాని కింద ఒకటి దూరే చోట కన్ను పొరబడుతుంది.

డ్రైవ్ గేర్ తప్పుగా కూర్చుంటే

లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్ కింది నాలుక మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉంటుంది. అందుచేత డిస్ట్రిబ్యూటర్‌ను గాడిలో ఒకే విధంగా పెట్టగలం. అది తీసి మళ్లీ పెట్టినంత మాత్రాన 180 డిగ్రీల తేడా రాదు. వచ్చిందంటే డ్రైవ్ గేర్‌నే ఎవరో తప్పు చుట్టులో కూర్చోబెట్టారని అర్థం.

గేర్ ఒక పన్ను అటూ ఇటూ ఉన్నా, 180 డిగ్రీలు తప్పినా, వైర్లను దానికి తగ్గట్టు మార్చి బండి నడపవచ్చు, ఇంజన్‌కు హాని లేదు. ఇబ్బందల్లా డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న వ్యాక్యూమ్ యూనిట్ బ్లాక్‌కో గొట్టానికో తగిలి, టైమింగ్ సర్దడానికి డిస్ట్రిబ్యూటర్ తిరగకపోవడం. దానికి మించి, తర్వాత విప్పే మెకానిక్ పుస్తకం చూసి వైర్లు "సరిచేసి" బండిని ఆపేయడం. కాబట్టి వీలుంటే గేర్‌నే సరిచేయండి.

బి-సిరీస్‌లో పద్ధతి: ఒకటి కంప్రెషన్ టీడీసీలో ఉంచి, డిస్ట్రిబ్యూటర్, దాని హౌసింగ్ తీసేయండి. సుమారు మూడున్నర అంగుళాల పొడవున్న 5/16 అంగుళాల యూఎన్ఎఫ్ (సన్న మర) బోల్టును గేర్ నడినెత్తిన మరలోకి ఎక్కించి పైకి లాగండి. తిరిగి దించేటప్పుడు గాడి దాదాపు అడ్డంగా ఉండాలి, రెండు సగాల్లో పెద్దది పై వైపుకు రావాలి. గేర్ పళ్లు క్యామ్‌తో కలిసేకొద్దీ అది గడియారానికి ఎదురుగా తిరుగుతూ దిగి, గాడి ఒంటిగంట ముల్లు చూపే చోట ఆగుతుంది. రెండు గంటల దగ్గర ఆగితే ఒక పన్ను తప్పింది, మళ్లీ లాగి పెట్టాల్సిందే. మొదటిసారికే కుదిరితే ఆ రోజు మీది.

టెస్ట్ ల్యాంప్‌తో స్టాటిక్ టైమింగ్

ముందు పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్‌లో కలుస్తూ విడిపోతూ స్పార్క్ పుట్టించే కాంటాక్టులు) గ్యాప్. లూకాస్ 25డి4 మోడల్‌కు 0.014 నుంచి 0.016 అంగుళం. టైమింగ్ పెట్టాక గ్యాప్ సర్దితే చేసిన పని వృథా, ఎందుకంటే గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందుగా విడతాయి, టైమింగ్ ముందుకు జరుగుతుంది.

పుల్లీని మీ ఇంజన్‌కు చెప్పిన డిగ్రీ దగ్గర ఆపండి. హై కంప్రెషన్ తొలి ఎంజీబీలకు అది టీడీసీకి 10 డిగ్రీల ముందు. బ్యాటరీ కలపండి. టెస్ట్ ల్యాంప్ ఒక కొసను డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే సన్న వైరు చోట, రెండోదాన్ని బాడీకి పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేయండి. బిగింపు వదులు చేసి డిస్ట్రిబ్యూటర్‌ను ముందు రోటర్ తిరిగే దిక్కుకే తిప్పండి, ల్యాంప్ ఆరుతుంది. ఇప్పుడు ఎదురు దిక్కుకు మెల్లగా తిప్పుతూ ల్యాంప్ వెలిగిన చోటే ఆపి బిగించండి. ఇగ్నిషన్ ఆన్‌లో మరిచిపోయి టీకి వెళ్లకండి, పాయింట్లు కలిసి ఉంటే కాయిల్ కాలిపోతుంది.

ఆరు సిలిండర్లు, జాగ్వార్

ఆరు సిలిండర్లలో 1-6, 2-5, 3-4 జతలు కలిసి పైకొస్తాయి. ట్రయంఫ్ జీటీ6, టీఆర్6, ఆస్టిన్-హీలీ 3000, జాగ్వార్ ఎక్స్‌కె అన్నిటికీ 1-5-3-6-2-4. పక్కపక్క సిలిండర్లు వెంటవెంటనే కాలకుండా ఉండటం ఈ వరుస గొప్ప. నాలుగు సిలిండర్లలో ఆ వెసులుబాటు లేదు.

ఎక్స్‌కె ఇంజన్‌లో ముందు సిలిండర్‌ను ఒకటి అనుకుంటే ఏమవుతుంది? ముందుదాని కంప్రెషన్ పట్టుకుని, రోటర్ చూసి, అక్కడి నుంచి వరుసగా వైర్లు పెడితే బండి శుభ్రంగా నడుస్తుంది, పైన చెప్పినట్టు వరుస రెండు వైపుల నుంచీ ఒకటే కాబట్టి. చిక్కు మీ లెక్కను, జాగ్వార్ లెక్కను కలిపినప్పుడు వస్తుంది. ముందుదాన్ని కంప్రెషన్‌కు తెచ్చి, పుస్తకం బొమ్మలో చూపిన ఒకటో టవర్ నుంచి వైర్లు మొదలుపెట్టారా, స్పార్క్ పూర్తి చుట్టు తేడాతో పడుతుంది.

క్యామ్‌లు అమర్చే పనిలో జాగ్వార్ చెప్పేది ఆరో సిలిండర్, అంటే ముందుది, కంప్రెషన్ టీడీసీ మీద పెట్టమని. అక్కడ "1" అనుకుని వెనకదాన్ని కంప్రెషన్‌లో పెట్టినా పుల్లీ గుర్తు కలుస్తుంది, రోటర్ మాత్రం ఎదురు వైపు ఉంటుంది. చెయిన్ విప్పాక క్రాంక్‌ను గానీ క్యామ్‌లను గానీ విడిగా తిప్పవద్దు, వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగుతాయి.

టైమింగ్ లైట్ విషయంలో ఈ జతలు మనకు మేలే చేస్తాయి. వెనకున్న ఒకటో వైరుకు క్లిప్ అందకపోతే ముందున్న ఆరో వైరుకు పెట్టండి, పుల్లీ గుర్తు అదే చోట మెరుస్తుంది.

జాగ్వార్ వీ12 నంబర్లు ముందు నుంచే మొదలవుతాయి. ఎ బ్యాంక్ (ఒక పక్క సిలిండర్ల వరుస) కుడివైపు, బి ఎడమవైపు. వరుస: 1ఎ, 6బి, 5ఎ, 2బి, 3ఎ, 4బి, 6ఎ, 1బి, 2ఎ, 5బి, 4ఎ, 3బి. చూస్తే భయం వేస్తుంది గానీ, ఎ అంకెలు మాత్రం విడిగా చదవండి: 1-5-3-6-2-4. బి అంకెలు 6 నుంచి అదే వరుస. రెండు ఆరు సిలిండర్ల ఇంజన్లు వంతులవారీగా కాలడమే ఇది.

రోవర్ వీ8, ఫోర్డ్

రోవర్ వీ8లో ఎడమ బ్యాంక్ ముందు నుంచి 1, 3, 5, 7. కుడి బ్యాంక్ 2, 4, 6, 8. ఎడమ, కుడి అనేవి డ్రైవర్ సీటు నుంచి. వరుస 1-8-4-3-6-5-7-2, రోటర్ గడియారం దిక్కు. 5, 7 పక్కపక్క సిలిండర్లు, వెంటవెంటనే కాలతాయి. వాటి వైర్లు ఆనుకుని పక్కపక్కనే పరుగెడితే 5లోని కరెంట్ 7లోకి ప్రేరణ వల్ల దూకి, ఏడో సిలిండర్ కంప్రెషన్ మొదట్లోనే స్పార్క్ పడుతుంది. లోడ్ మీద టకటకమనే చప్పుడు, పిస్టన్‌కు దెబ్బ. ఆ రెండు వైర్ల మధ్య ఇంకో వైరును గానీ క్లిప్‌ను గానీ ఉంచండి. (మద్రాసులో 1985లో వచ్చిన స్టాండర్డ్ 2000 బయటికి రోవర్ ఎస్‌డీ1 లాగే ఉన్నా లోపలున్నది వీ8 కాదు, పాత వాన్‌గార్డ్ వంశపు నాలుగు సిలిండర్ల ఇంజన్. దానికిది వర్తించదు.)

ఫోర్డ్ ఆంగ్లియా 105ఈ, ఎస్కార్ట్, కార్టినాల్లోని కెంట్ ఇంజన్ 1-2-4-3. ఇక్కడ చెప్పుకున్న నాలుగు సిలిండర్ల ఇంజన్లలో ఇది వేరు దారి. 1-3-4-2 కు అలవాటుపడిన చేయి ఇక్కడ తప్పకుండా తప్పు చేస్తుంది.

స్టార్ట్ కాకపోయినా, కుంటినా

కార్బురేటర్ లోంచి మంట, ఎగ్జాస్ట్‌లో పేలుడు, ఇంజన్ ఒక్కసారి కూడా పట్టుకోదు: స్పార్క్ పూర్తి చుట్టు తేడాలో ఉంది. ఇన్‌లెట్ తెరుచుకునే వేళకు స్పార్క్ పడుతోంది. మూడో దశకు తిరిగి వెళ్లండి. రోటర్ సరిగ్గా ఎదురు టవర్‌ను చూపిస్తే 1ని 4తో, 2ని 3తో మార్చండి. అంతటితో ఆగకుండా గేర్ ఎందుకు అలా ఉందో తర్వాత తీరిగ్గా చూడండి.

స్టార్ట్ అవుతుంది, వణుకుతుంది, బలం లేదు, కార్బురేటర్‌లో తుమ్ములు: రెండు వైర్లు తారుమారు. ఏ రెండో తెలుసుకోవడానికి, ఇంజన్ నడుస్తుండగా ఇన్సులేషన్ ఉన్న పట్టకారతో ఒక్కో ప్లగ్ వైరు తీసి కొసను వెంటనే బ్లాక్‌కు ఆనించండి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బిగించిన బండిలో కొస గాలిలో వేలాడకూడదు, మాడ్యూల్ పోతుంది. ఏది తీస్తే ఇంజన్ చప్పుడు మారదో ఆ సిలిండర్ పనిచేయడం లేదు. 1, 4 బాగుండి 2, 3 చచ్చిపోయి ఉంటే రోటర్ దిశ తప్పుగా తీసుకున్నారు. 2, 4 బాగుండి 1, 3 చచ్చిపోతే ఆ రెండు వైర్లు తారుమారయ్యాయి.

వైర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి, వేడెక్కాక మిస్ అవుతోంది: రోటర్, క్యాప్ చూడండి. ఇత్తడి పలకను రివెట్‌తో కొట్టిన నాసిరకం రోటర్లలో రివెట్ నుంచి స్పిండిల్‌కు స్పార్క్ దూకడం మామూలే. క్యాప్ లోపల రెండు టవర్ల మధ్య పెన్సిల్ గీతలాంటి నల్లచార ఉంటే దాన్ని గీకి లాభం లేదు, క్యాప్ మార్చాలి. ఆ చార రెండు సిలిండర్లను కలిపేస్తుంది, లక్షణాలు అచ్చం వైర్లు తారుమారైనట్టే ఉంటాయి.

చివరగా, వైర్లు ఎన్నిసార్లు చూసినా సరిగ్గానే ఉండి, 2, 3 మాత్రం చచ్చినట్టు ఉంటే మళ్లీ క్యాప్ జోలికి పోకండి, కంప్రెషన్ గేజ్ పెట్టండి. 1, 4 బాగా చూపించి 2, 3 రెండూ ఒకే రకంగా పడిపోతే, హెడ్ గాస్కెట్ ఆ రెండు సిలిండర్ల మధ్య సన్నని చోట కాలిపోయింది. ఎ-సిరీస్‌లో రెండో మూడో సిలిండర్ల నడుమ గోడ ఇరుకు, ఎగ్జాస్ట్ పోర్ట్ కూడా ఆ రెంటికీ ఉమ్మడి కాబట్టి వేడంతా అక్కడే. ఇక పని హెడ్ దించడమే.